పుంజులేవో పెట్టలేవో కూత వినకముందే తెలుసుకునే మార్గం ఉందా?

నల్లపాడు పెరడు (ప్రశ్న)

నమస్కారం. మేము గుంటూరులో నల్లపాడు వైపు ఉంటాము. ఇంటి వెనుక ఉన్న సెంటున్నర ఖాళీ స్థలంలో జాలీ కట్టించి, ఈ ఏడాది మొదటిసారిగా పన్నెండు కోడిపిల్లలను పెంచుతున్నాను. వాటిలో ఆరు వనరాజా అనే సంకర జాతి పిల్లలు. నాలుగు వారాలు సాకి అమ్మే ఒక పెంపకందారు దగ్గర వాటిని కొన్నాము, ఇప్పుడు వాటికి తొమ్మిది వారాలు. మరో నాలుగు నాటువి. తెనాలి దగ్గరి మా పుట్టింటి నుంచి తెచ్చిన గుడ్లను పక్క వీధిలోని ఒక పొదుగు పెట్ట కింద పెట్టిస్తే వచ్చిన ఈ పిల్లలకు పదకొండు వారాలు నిండాయి. మిగిలిన రెండూ మా అమ్మాయి పట్టుబట్టి కొనిపించినవి. బడి ముందు గంపలో గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పూసి అమ్ముతారే, అవి. అమ్మినతను రెండూ పెట్టలేనని, ఐదు నెలలకే గుడ్డు పెడతాయని ఒట్టు వేసి మరీ చెప్పాడు. ఎనిమిది వారాలలో ఆ రంగు పూర్తిగా పోయి ఇప్పుడవి తెల్లగా తిరుగుతున్నాయి.

నా ఇబ్బంది ఏమిటంటే, మా గోడ పక్క ఇంటి పెద్దాయనకు గుండెకు ఆపరేషన్ జరిగింది. ఆయనకు అసలే నిద్ర తక్కువ, తెల్లవారుజామున పట్టే ఆ కాస్త నిద్ర కూడా కోడికూతతో పోతుందేమోనని ఆయన భయం. పిల్లలను తెచ్చిన రోజే గోడ దగ్గర నిలబడి "పుంజులను ఉంచను బాబాయిగారూ, పెట్టలను మాత్రమే ఉంచుకుంటాను" అని మాట ఇచ్చాను. మాట తేలికగానే ఇచ్చాను గాని, ఏది పుంజో ఏది పెట్టో ఇంతవరకు తేల్చుకోలేకపోతున్నాను. కూత మొదలుకాక ముందే పుంజులను వేరు చేసి పుట్టింటికి పంపాలన్నది నా ఆలోచన, కాని పొరపాటున గుడ్డు పెట్టే పెట్టను పంపివేస్తానేమోనని వెనుకాడుతున్నాను.

నాకు కనిపించినంతవరకు వనరాజాలలో రెండింటికి నెత్తి మీది కండ జుట్టు ఎర్రగా, నిక్కబొడుచుకొని ఉంది. ఒకదానికి ఎరుపు తక్కువగా, మధ్యస్థంగా ఉంది. మిగిలిన మూడింటికి జుట్టు పసుపు కలిసిన లేత రంగులోనే ఉంది. తెల్లవాటికి రెండింటికీ పెద్ద ఎర్ర జుట్టు వచ్చింది. నాటువాటిలో నల్లని ఒళ్ళు, ఎర్రని మెడ ఉన్న ఒక పిల్లకు జుట్టే లేనట్టుంది, అయినా కర్ర పాతినట్టు నిటారుగా నిలబడి అన్నిటి మీదికీ కలబడుతుంది. అది పుంజేనని ఇంట్లో అందరూ తీర్మానించారు. మిగతా మూడు నాటు పిల్లలూ నెమ్మదస్తులు.

మా అత్తగారు పిల్లను కాళ్ళు పట్టుకొని తలకిందులుగా ఎత్తితే తల పైకి లేపేది పుంజని అంటారు. గుడ్డు కొన మొనదేలి ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అని మా అమ్మ అంటుంది. ఈ రెండింటిలో నిజం ఎంత? ఏ గుర్తును, ఏ వయసులో నమ్మాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


గన్నవరం దారి

అమ్మా, పశుసంవర్ధక శాఖలో క్షేత్రస్థాయి ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది, ఎందుకంటే మీరు ఏ పిల్ల ఏ జాతిదో, ఎన్ని వారాలదో విడదీసి రాశారు. చాలామంది పన్నెండు పిల్లలనూ ఒకే వరుసలో నిలబెట్టి, పెద్ద జుట్టు ఉన్నవి పుంజులు, చిన్న జుట్టు ఉన్నవి పెట్టలు అని పంచుతారు, పొరపాటు అక్కడే మొదలవుతుంది. వనరాజాను వనరాజాతోనే పోల్చాలి, నాటును నాటుతోనే పోల్చాలి, అదీ ఒకే పొదుగులో దిగిన పిల్లలైతేనే ఆ పోలికకు విలువ.

ముందు పెద్దల మాటల సంగతి చూద్దాం. తలకిందులుగా ఎత్తినప్పుడు తల లేపడం పిల్ల బెదురును, ఓపికను బట్టి ఉంటుందే తప్ప దానికీ లింగానికీ సంబంధం లేదు. మీ అత్తగారితో వాదించవద్దు గాని, పిల్లలను అలా ఎత్తడం మాత్రం మాన్పించండి. గుడ్డు ఆకారం మాట కూడా నిలవదు. మనుషులలో బిడ్డ ఆడో మగో తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము తేలుస్తుంది, కోళ్ళలో ఇది తిరగబడి ఉంటుంది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. పచ్చసొన అండాశయం నుంచి విడుదలయ్యే వేళకే అది ఏ క్రోమోజోమును మోసుకొస్తున్నదో నిర్ణయమైపోతుంది, తెల్లసొన, పెంకు, వాటితోపాటు గుడ్డు ఆకారం ఆ తరువాత ఒక రోజు పాటు అండవాహిక అనే గొట్టంలో దిగుతూ ఏర్పడతాయి. కాబట్టి మొన చూసి లోపలిదాన్ని చెప్పలేము. పొదుగులో వేడి ఎక్కువైతే పుంజులు వస్తాయన్న మాట కూడా ఇలాంటిదే.

ఇక అసలు గుర్తులు. జుట్టు, ముక్కు కింద వేలాడే తమ్మెలు పెరిగి ఎర్రబడటం పుంజు హార్మోనైన టెస్టోస్టెరాన్ పని. రంపం పళ్ళ వంటి నిలువు జుట్టు ఉన్న జాతులలో ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పుంజుపిల్లకు అది చిక్కబడి ఎర్రగా మెరుస్తుంది, అదే వయసు పెట్టపిల్లకు లేత గులాబీగానో పసుపుగానో చిన్నదిగా ఉంటుంది. మీ వనరాజాలలో ఎర్ర జుట్టు ఉన్న ఆ రెండూ పుంజులేనని నేను ధైర్యంగా చెబుతాను. మధ్యస్థంగా ఉన్నదాన్ని గురించి మాత్రం జుట్టును బట్టి ఏమీ చెప్పను. వనరాజా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రూపొందించిన సంకరం, రంగులోనూ ఒంటి తీరులోనూ పిల్లకూ పిల్లకూ తేడా ఉంటుంది. మేత సరిగా అందని పుంజుకు, పురుగులు పట్టిన పుంజుకు జుట్టు పాలిపోయి పెట్టలా కనిపించడం కూడా నేను చూశాను.

అందుకే నేను ఎప్పుడూ చివరి తీర్పు ఈకలకే వదిలిపెడతాను. దీనికి కారణం తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. ఈక ఆకారాన్ని నిర్ణయించేది పుంజు హార్మోను కాదు, పెట్ట హార్మోనైన ఈస్ట్రోజెన్. అది ఒంట్లో ఉంటే ఈక గుండ్రని కొనతో వస్తుంది, లేకపోతే పొడవుగా, కొన సన్నగా, అంచులు పోగులు పోగులుగా, మెరుపుతో వస్తుంది. వృషణాలు తీసివేసిన పుంజుకు జుట్టు ముడుచుకుపోతుంది గాని పుంజు ఈకలు అలాగే ఉంటాయి. పెట్టకు అండాశయం దెబ్బతింటే ముసలితనంలో పుంజు ఈకలు మొలుస్తాయి, ఒక్కొక్కటి కూత కూడా కూస్తుంది. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని మన పల్లెల్లో ఆ కోడిని కోసేస్తారు, పాపం దానికి వచ్చింది జబ్బు. నేను చెప్పదలచింది ఏమిటంటే జుట్టు ఒక హార్మోను మాట చెబుతుంది, ఈక మరొక హార్మోను మాట చెబుతుంది. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు మీరు నిశ్చింతగా ఉండవచ్చు, వేరువేరుగా చెబితే ఈకను నమ్మండి.

చూడవలసిన చోటు తోక మొదలుకు ముందు, నడుము మీద రెండు పక్కలకూ వాలే ఈకలు. పిల్లలకు మొదట వచ్చే ఈకలు పుంజుకైనా పెట్టకైనా గుండ్రంగానే ఉంటాయి. అవి రాలి రెండో విడత వచ్చేటప్పుడు, అంటే పది వారాల నుంచి పద్నాలుగు వారాల మధ్య, పుంజుకు అక్కడ సూది కొన వంటి ఈకలు ఒకటీ రెండుగా తొంగిచూస్తాయి. పగలు వెంటపడి పట్టవద్దు. చీకటి పడి గూట్లో కునుకు తీస్తున్నప్పుడు ఒక్కొక్కదాన్ని చంకలో పెట్టుకొని, ఫోన్ వెలుతురులో పై ఈకలను వేలితో పక్కకు తీసి, కింద కొత్తగా వస్తున్న ఈక కొన చూడండి. మీ వనరాజాలకు ఇంకా మూడు వారాలు, నాటువాటికి అంతకంటే మరి కొంత ఎక్కువ ఆగక తప్పదు. చూసినదానికల్లా కాలికి రంగు దారం వదులుగా కట్టి, పుస్తకంలో రాసుకోండి. పిల్ల ఎదిగేకొద్దీ దారం బిగుసుకుంటుంది గనుక వారానికొకసారి మార్చడం మరవవద్దు.

ఒక చిన్న జాగ్రత్త కూడా చెబుతాను. పెట్టలేనన్న నమ్మకంతో గుడ్ల కోళ్ళ దాణా ఇప్పుడే మొదలుపెట్టవద్దు. అందులో సున్నం మోతాదు ఎదిగే పిల్లలకు కావలసినదానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది, ఇంకా గుడ్డుకు రాని పెట్టలకైనా, పుంజులకైనా అది మూత్రపిండాలకు చేటు.


గుడ్ల అట్ట

తెల్లవాటి గురించి నేను చెప్పగలను. విజయవాడ చుట్టుపక్కల హేచరీలలో కొన్నేళ్ళు పనిచేశాను. గుడ్ల కోళ్ళ జాతులలో పుంజులకు మాంసం పెద్దగా పట్టదు, గుడ్డు సంగతి సరేసరి, అందువల్ల పుట్టిన రోజునే పెట్టపిల్లలను ఏరి ఫారాలకు పంపి, పుంజుపిల్లలను వదిలించుకుంటారు. జర్మనీ 2022 జనవరి నుంచి అలాంటి పిల్లలను చంపడాన్ని చట్టంతో నిషేధించింది. మన దగ్గర వాటిలో కొన్ని కారుచౌకగా చేతులు మారి, రంగు నీళ్ళలో మునిగి, బడుల ముందు గంపలలోకి చేరుతాయి. రంగు వేసిన తెల్లజాతి పిల్ల పెట్ట కావడం చాలా అరుదు. ఎనిమిది వారాలకే రెండింటికీ పెద్ద ఎర్ర జుట్టు వచ్చిందంటే మరి సందేహం అక్కరలేదు, పైగా ఈ తేలిక జాతి పుంజులు తొందరగా కూత పడతాయి. మీ బాబాయిగారి నిద్ర గురించి ఆలోచిస్తే ముందుగా పంపవలసినవి అవే.

పుట్టిన రోజునే పుంజును, పెట్టను ఏరగలిగినప్పుడు ఇంట్లో మనమెందుకు ఏరలేమని చాలామంది అడుగుతారు. హేచరీలలో ఒక పద్ధతి మలద్వారాన్ని సున్నితంగా విప్పి లోపలి చిన్న బుడిపెను చూడటం. దీన్ని 1920లలో జపాన్‌లో కనిపెట్టారు. నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, రానివారు నొక్కితే పిల్ల పేగు దెబ్బతిని చచ్చిపోతుంది, కాబట్టి ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. రెండవది రెక్క చూడటం. రెక్క అంచున రెండు వరుసల ఈకలలో కింది వరుస పొడవుగా ఉంటే పెట్ట, రెండూ సమానంగా ఉంటే పుంజు అని చూపించే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అవి అబద్ధం కాదు, అలాగని మీ నాటు పిల్లలకు వర్తించవు. ఈకలు నెమ్మదిగా వచ్చే గుణం జెడ్ క్రోమోజోము మీద ఉంటుంది. నెమ్మది ఈకల తల్లినీ, వేగం ఈకల తండ్రినీ ఏరి జత కలిపినప్పుడు మాత్రమే ఆ గుణం తల్లి నుంచి కొడుకులకు మాత్రమే వెళ్ళి, పుంజులూ పెట్టలూ రెండు రకాలుగా విడిపోతాయి. అదికూడా మొదటి ఒకటి రెండు రోజులలోనే చూడాలి. ఏ పుంజు ఏ పెట్టను తొక్కిందో తెలియని పెరటి గుడ్డులో ఆ లెక్క పనిచేయదు.


కంకిపాడు గంప

నేను పాతిక కోళ్ళ వరకు సాకుతున్నాను. పెద్దవారు చెప్పిన ఈకల మాట అక్షరాలా నిజం. ఆ మాట నాకు ముందే తెలిసి ఉంటే ఒక మంచి పెట్టను పోగొట్టుకునేదాన్ని కాదు.

నాలుగేళ్ళ క్రితం నా దగ్గర ఒక గోధుమరంగు పిల్ల ఉండేది. నాలుగు నెలల వరకు జుట్టు చిన్నదిగానే ఉండి, ఐదో నెల దాటుతుండగా ఉన్నట్టుండి ఎర్రగా పొంగింది, తమ్మెలు కూడా దిగాయి. ఇన్నాళ్ళూ పెట్ట అనుకున్నది పుంజు అయి కూర్చుందని, కూత పడకముందే వదిలించుకోవాలని తొందరపడి ఆదివారం నాడు పుంజు ధరకు అమ్మేశాను. కొన్నావిడ వారం తిరగకుండా ఫోన్ చేసి, అమ్మిన కోడి గూట్లో గుడ్డు పెట్టిందని నవ్వుతూ చెప్పింది. ఆమె తిరిగి ఇస్తానని అనలేదు, నేనూ అడగలేకపోయాను. గుడ్డుకు వచ్చే ముందు పెట్టకు కూడా జుట్టు ఎర్రబడుతుందని అప్పుడు తెలిసింది. అందువల్ల ఎరుపును ఎప్పుడూ వయసుతో కలిపి చదవండి. ఏడు వారాల పిల్లకు ఎరుపు వస్తే పుంజు, ఐదారు నెలల కోడికి హఠాత్తుగా ఎరుపు వస్తే అది గుడ్డుకు వస్తున్న పెట్ట కావచ్చు. అప్పుడు దాని వెన్ను మీద చేయి పెట్టి చూడండి, పెట్ట అయితే రెక్కలు కొద్దిగా విప్పి నేలకు అణిగి కూర్చుంటుంది. తోక కింద రెండు ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూసినా తెలుస్తుంది. గుడ్డుకు వచ్చినదానికి రెండు మూడు వేళ్ళు పడతాయి, రానిదానికి ఒక వేలు పట్టడమే కష్టం.

నడవడికను చూసి తేల్చడం మీద నాకు నమ్మకం తక్కువ. పిల్లలు ఎదురెదురుగా నిలబడి మెడ ఈకలు రేపి ఎగరడం పుంజులూ చేస్తాయి, పెట్టలూ చేస్తాయి, ఎందుకంటే గుంపులో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఆ వయసులోనే తేలాలి. నా గుంపులో అందరినీ పొడిచి మేత దగ్గరికి రానివ్వని రాక్షసి ఒక పెట్టే.

కూత గురించి కూడా ఒక మాట. కూయలేదు గనుక పెట్ట అనుకోవద్దు. గుంపులో పెద్ద పుంజు ఉన్నంతకాలం చిన్న పుంజులు కొన్ని నోరు మెదపవు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంవారు 2013లో, 2015లో పుంజుల కూత మీద పరిశోధనలు వెలువరించారు. వెలుతురు మారని గదిలో ఉంచినా పుంజు తన ఒంట్లోని గడియారం ప్రకారం దాదాపు రోజుకొక విడత కూస్తుందని, గుంపులో మొదట కూసే హక్కు పెద్ద పుంజుదేనని, దాన్ని తీసివేస్తే రెండో స్థానంలోనిది మొదలుపెడుతుందని వారు చూశారు. మీరు ఒక విడత పుంజులను పంపిన తరువాత వారం రోజులు చెవులు రిక్కించి ఉండండి. గూటికి దుప్పటి కప్పితే కూయదని ఎవరైనా చెబితే వినవద్దు, మన గుంటూరు ఎండల్లో గాలాడక కోళ్ళు పోతాయి.


పల్నాటి కాకిడేగ

మాది పల్నాడు, గుంటూరులో స్థిరపడ్డాము. బ్రహ్మనాయుడిని రాజ్యం విడిచిపోయేలా చేసిన పందెం కథ వింటూ పెరిగినవాళ్ళం గనుక కోడి పేరు ఎత్తితే మాట పొడవవుతుంది, మన్నించాలి. నేను పందేలకు పెంచను, అది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. మా నాన్నగారి నాటి జాతి పోకూడదని అసీలు అనే పందెం జాతి పెట్టలను నాలుగింటిని, ఒక పుంజును ఉంచుకున్నాను.

మీ నల్లని ఒళ్ళు, ఎర్ర మెడ పిల్ల సంగతికి వస్తాను. తెనాలి వైపు నాటుకోళ్ళలో అసీలు రక్తం కలిసి ఉండటం మామూలే, జుట్టు లేనట్టుందని మీరు రాయడం చూస్తే దానిలోనూ ఉందని నా ఊహ. అసీలుకు రంపం జుట్టు ఉండదు, గింజలు పేర్చినట్టు మూడు చిన్న గట్లుగా నెత్తికి అతుక్కొని ఉంటుంది. పుంజుకు కూడా అది ఆలస్యంగానే ఎర్రబడుతుంది గనుక పదకొండు వారాలకు జుట్టు చూసి లాభం లేదు. నిటారుగా నిలబడటం, కలబడటం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం, పెట్టలు కూడా అలాగే నిలబడతాయి. నా పెట్టలలో రెండింటికి కాలిముల్లు కూడా ఉంది. కాబట్టి ఇంట్లోవారి తీర్మానాన్ని కొంతకాలం వాయిదా వేయమని నా మనవి. అది పెట్ట అయితే నేను ఆశ్చర్యపోను. కాళ్ళను మాత్రం పక్కనున్న పిల్లలతో పోల్చి చూడండి, పుంజుపిల్ల కాలు ఎముక వేలితో పట్టుకుంటే లావుగా, మోకాలి దగ్గర మొద్దుగా తగులుతుంది.

రంగు కూడా కొంత చెబుతుంది. మనం డేగ, కాకి, పర్ల, సేతువ, నెమలి అని పేర్లు పెట్టుకున్నదంతా పుంజు రంగులను చూసి. అదే పొదుగులోని పెట్ట సాధారణంగా మట్టిరంగులోనో, చుక్కలతోనో ఒకే తీరుగా ఉంటుంది. మెడ మీద, నడుము మీద, రెక్క భుజం మీద మూడు చోట్ల మూడు రకాల రంగు విడివిడిగా, మెరుపుతో తేలుతుంటే పుంజు వైపు మొగ్గవచ్చు. మెడ ఒక్కటే ఎర్రగా ఉండి మిగతా ఒళ్ళంతా నల్లగా ఉండటం పెట్టలలోనూ ఉంటుంది.

గన్నవరం పెద్దాయన ఈకలకు ఇచ్చిన తీర్పుకు ఒక మినహాయింపు మన భాషలోనే ఉంది. పుంజే అయివుండి పెట్టలా గుండ్రని ఈకలతో, కొడవలి తోక లేకుండా తిరిగేదాన్ని మనవాళ్ళు పెట్టమారు అంటారు. కొన్ని పుంజుల చర్మంలోనే పుంజు హార్మోను పెట్ట హార్మోనుగా మారిపోవడం వల్ల ఇలా జరుగుతుందని తరువాత శాస్త్రజ్ఞులు చెప్పారు. మనవాళ్ళకు హార్మోను తెలియకపోయినా పేరు మాత్రం సరిగ్గా పెట్టారు. ఇది అరుదైనది, మీ పన్నెండింటిలో ఉంటుందని భయపడవద్దు. ఎవరైనా కడక్‌నాథ్ పెంచుతుంటే మాత్రం వారికి వేరే చిక్కు ఉంది, జుట్టు కూడా నలుపే గనుక ఎరుపు అనే గుర్తే ఉండదు, పరిమాణాన్నీ ఈకలనూ చూసుకోవలసిందే.


గన్నవరం దారి

పెట్టమారు మాట గుర్తుచేసినందుకు సంతోషం. ఉద్యోగకాలంలో ఒక్కసారి చూశాను, అది కూసేదాకా నేనూ పెట్ట అనే అనుకున్నాను. అమ్మా, నల్లపిల్లను పదహారు వారాల వరకు ఆపండి, అసీలు రక్తానికి ఈకలు కూడా నెమ్మదే. ఒక్క మాట, నెమ్మదైన పిల్లలను కూడా చూడటం మరవవద్దు. కొట్లాడే పిల్లను నలుగురూ చూస్తారు, మూల నక్కినదాన్ని ఎవరూ చూడరు.


నల్లపాడు పెరడు

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఐదు వారాల తరువాత ఏమైందో రాస్తానని అనుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

తెల్లవాటిని గుడ్ల అట్ట గారు చెప్పిన వారంలోనే పంపాలనుకున్నాను గాని, మా అమ్మాయి ఏడుపుకు లొంగి ఆలస్యం చేశాను. పదో వారంలో ఒక సాయంత్రం వాటిలో ఒకటి గొంతు పట్టేసినవాడు దగ్గినట్టు అరిచింది. మొదట జబ్బు చేసిందనుకున్నాము, మరునాడు తెల్లవారుజామున అదే అరుపు మళ్ళీ వినిపించేసరికి అది కూతేనని తేలిపోయింది. రెండింటినీ ఆ ఆదివారమే మా పుట్టింటికి పంపాము. అమ్మాయిని ఒప్పించడానికి, నెలకొకసారి చూపించడానికి తీసుకువెళతానని మాట ఇవ్వవలసి వచ్చింది.

వనరాజాలకు పన్నెండు వారాలు నిండిన రాత్రి మా వారు ఫోన్ వెలుతురు పట్టుకోగా ఆరింటినీ చూశాను. ఎర్ర జుట్టు ఉన్న రెండింటికి నడుము మీద చీపురు పుల్లల్లా సన్నని, మెరిసే ఈకలు చక్కగా కనిపించాయి. మధ్యస్థంగా ఉన్నదానికి పైకి ఏమీ కనిపించలేదు, కాని ఈకలను పక్కకు తీస్తే కింద ఇంకా తొడుగు పూర్తిగా విడవని రెండు సూది కొనలు దొరికాయి. దానికి నీలం దారం కట్టి, రెండు వారాల తరువాత మళ్ళీ చూస్తే పుంజేనని రూఢి అయింది. మిగిలిన మూడూ గుండ్రని ఈకల పెట్టలే. పుంజులు మూడింటినీ మొన్న బుధవారం పంపివేశాము.

నల్లపిల్ల విషయంలో పల్నాటి అన్నగారి ఊహ నిజమైంది. పదహారు వారాలు వచ్చినా నడుము మీద ఒక్క మొన ఈక కూడా లేదు, కాలు కూడా సన్నమే. కలబడే గుణం మాత్రం పోలేదు. దాన్ని పుంజని ముందే పంపి ఉంటే ఎంత బాధపడేదాన్నో. మా ఇంట్లో ఇప్పుడు దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు, ఇక పంపడం కుదిరే పని కాదు.

అయితే గన్నవరం దారి గారు మరవవద్దన్నదాన్నే నేను మరిచాను. నెమ్మదిగా ఉండే మూడు నాటు పిల్లలలో రెండింటిని సరిగానే చూశాను, పెట్టలే. మూడోది ఎప్పుడూ అన్నిటికంటే చివర మేతకు వచ్చేది, చేయి చాస్తే గూటి మూలకు దూరేది. పెట్టే కదా, దాన్ని బెదిరించడం ఎందుకని ఈకలు చూడకుండానే పుస్తకంలో పెట్ట అని రాసేశాను. బుధవారం పుంజులు వెళ్ళాయి. గురువారం, శుక్రవారం గడిచాయి. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు గోడ అవతలి నుంచి బాబాయిగారి గొంతు వినిపించింది.

"అమ్మాయీ, నిద్ర లేచావా? మీ పెట్ట ఒకటి కూస్తున్నదే."

పరుగెత్తి చూస్తే ఆ మూల నక్కే పిల్ల గూటి పైకెక్కి, మెడ చాచి నిలబడి ఉంది. పట్టుకొని ఈకలు తీసి చూశాను, కొత్త ఈకలు చాలానే వచ్చి ఉన్నాయి, చూడనిది నేనే. క్షమించమని గోడ దగ్గరకు వెళితే, ఆయన అప్పటికే మేలుకొని ఉన్నానని, ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంత దగ్గరగా కోడికూత వినడం ఇదే మొదటిసారి అని అన్నారు. అది కోపమో కాదో నాకు తెలియలేదు. రేపు ఆదివారం, దాన్ని కూడా తెనాలికి తీసుకువెళుతున్నాము.


కంకిపాడు గంప

తీసుకువెళ్ళే ముందు మిగిలిన ఆరింటి ఈకలను కూడా ఈ రాత్రి మరొక్కసారి తీసి చూడండి. ఒకే ప్రయాణంలో పని అయిపోతుంది.